జిన్ అండ్ ఇట్: రెండు సీసాలతో పాత లండన్ పానీయం కలపడం ఎలా

జిన్, తీపి వెర్మూత్. ఈ రెండూ ఉంటే చాలు, ఒకప్పుడు లండన్ పబ్బుల్లో పేరు చెప్పగానే చేతికి అందించిన పానీయం మీ ఇంట్లోనూ తయారవుతుంది. దాని పేరు జిన్ అండ్ ఇట్. చివర ఉన్న ‘ఇట్’ ఇటాలియన్ అన్న మాటకు పొట్టి రూపం. తీపిగా, ఎర్రగా ఉండే వెర్మూత్‌ను ఇటాలియన్ అనీ, తీపి లేని తెల్ల వెర్మూత్‌ను ఫ్రెంచ్ అనీ పిలవడం అప్పటి వాడుక. అందుకే మొదటిదానితో కలిపితే జిన్ అండ్ ఇట్, రెండోదానితో కలిపితే జిన్ అండ్ ఫ్రెంచ్. ఆ పబ్బుల్లో దీన్ని చాలాసార్లు ఐసు కూడా వేయకుండానే ఇచ్చేవారు. మన వాతావరణానికి అది కుదరదు. ఇక్కడ చెప్పేది చల్లగా కలిపే పద్ధతి.

షేకరు అక్కర్లేదు, పాకం కాచే పని లేదు, నిమ్మకాయలు పిండే పని లేదు. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. చారు కాస్త తేడాగా వస్తే పోపుతో సర్దేయవచ్చు. ఇందులో పోపు లేదు. రెండే వస్తువులు కాబట్టి ఒకటి బాగోలేకపోతే ఆ సంగతి మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. నేను చూసినంతవరకు ఈ పానీయం చెడేది జిన్ వల్ల కాదు, చెయ్యి తిరగకపోవడం వల్ల కూడా కాదు. పాతబడిన వెర్మూత్ వల్ల. అందుకే దానితోనే మొదలుపెడతాను.

వెర్మూత్ వైను, దాన్ని వైనులాగే చూడాలి

సీసా చూస్తే విస్కీ పక్కన నిలబెట్టదగ్గ మద్యంలా కనిపిస్తుంది కానీ వెర్మూత్ వైనే. ద్రాక్ష వైనులో మూలికలు, బెరళ్లు, వేళ్లు, సుగంధ ద్రవ్యాలు నానబెట్టి, కొంచెం స్పిరిటు, పంచదార కలిపితే వెర్మూత్ అవుతుంది. ఇటలీలోని టురిన్ నగరంలో ఆంటోనియో బెనెడెట్టో కార్పానో 1786లో ఈ తీపి రకాన్ని అమ్మకానికి తెచ్చాడని చెబుతారు. అప్పటి నుంచి టురిన్ పేరూ తీపి వెర్మూత్ పేరూ కలిసే వినిపిస్తాయి. ఎర్రగా ఉంటుంది కదా అని ఎర్ర ద్రాక్షతో చేశారనుకోకండి. చాలా సీసాల్లో ఉండేది తెల్ల వైను. ఆ రంగులో ఎక్కువ పాలు పంచదారను మాడ్చి చేసిన కారమెల్‌ది.

వెర్మూత్ అన్న పేరు ఒక మొక్కది. జర్మన్ భాషలో ‘వెర్ముట్’ అంటే ఆర్టెమిసియా జాతికి చెందిన ఒక చేదు మొక్క. మనం పూలదండల్లో కట్టే దవనం, వినాయక చవితి పత్రిలో వచ్చే మాచిపత్రి ఆ జాతివే. మాచిపత్రి ఆకు నలిపి వాసన చూసినవారికి వెర్మూత్ చివర్లో నాలుక మీద నిలిచే ఆ ఆకుపచ్చని చేదు బొత్తిగా కొత్తగా అనిపించదు. ఆ చేదే ఈ పానీయానికి వెన్నెముక. అది లేకపోతే మిగిలేది తీపి నీళ్లే.

వెర్మూత్‌లో ఆల్కహాలు సాధారణంగా 15 నుంచి 18 శాతం ఉంటుంది. మూత తీశాక గాలి తగిలితే పాడవకుండా కాపాడడానికి అది చాలదు. మూత తీసిన రోజు నుంచే సీసా ఉండాల్సిన చోటు ఫ్రిజ్. అక్కడ కూడా నెల రోజుల్లోపు వాడితే రుచి బాగుంటుంది, రెండు నెలలు దాటితే పారబోయాల్సిందే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. విదేశం నుంచి వచ్చిన బంధువు ఒకసారి నాకు మంచి ఇటాలియన్ వెర్మూత్ సీసా ఇచ్చాడు. ఒక్కసారి వాడి, అందమైన సీసా కదా అని హాల్లో షోకేసు అద్దాల వెనుక పెట్టాను. ఎనిమిది నెలల తరువాత ఇంటికి వచ్చిన స్నేహితుల కోసం దాన్నే తీశాను. ఎండుద్రాక్షలు నానబోసి మరిచిపోయిన గిన్నె మూత తీస్తే ఎలాంటి వాసన వస్తుందో అలాంటి వాసన. అప్పుడు నాకు కారణం తెలియలేదు. జిన్ మార్చి చూశాను, కొలత మార్చి చూశాను. తరువాత కొత్త సీసా తెరిచి, ఒక చెంచా అదీ ఒక చెంచా ఇదీ పక్కపక్కన రుచి చూసినప్పుడు విషయం బోధపడింది. కొత్తదానిలో నారింజ తొక్క, లవంగం, వెనిల్లా ఒకదాని తరువాత ఒకటి తెలుస్తూ, చివరకు చేదు వచ్చి నిలబడింది. పాతదానిలో మొదటి నుంచి చివరి వరకు ఒకటే మందమైన తీపి, దాని అడుగున కాస్త పులుపు.

అందుకని మూడు పనులు చేయండి. మూత తీసిన తేదీని చిన్న కాగితం మీద రాసి సీసాకు అంటించండి. సీసాను ఫ్రిజ్ తలుపులో నిలబెట్టండి. నెలకు రెండు మూడుసార్లకు మించి తాగని ఇంట్లో 750 మి.లీ. సీసా త్వరగా అవదు. అలాంటప్పుడు కొత్త సీసా తెరిచిన రోజే కొంత వెర్మూత్‌ను, వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టిన చిన్న సీసాల్లోకి అంచుల దాకా నింపి మూత బిగించండి. లోపల గాలికి చోటు లేకపోతే అది చాలా నెమ్మదిగా పాతబడుతుంది. ఆవకాయ జాడీలోంచి వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకునే ఇళ్లలో ఈ తర్కం కొత్తగా చెప్పనవసరం లేదు.

మార్తిని రోసో, చిన్జానో రోసో మన నగరాల్లో విదేశీ మద్యం అమ్మే పెద్ద దుకాణాల్లో దొరికే అవకాశం ఎక్కువ. కార్పానో, కోక్కి పేర్లతో వచ్చేవి ఇంకాస్త ఘాటుగా, ఖరీదుగా ఉంటాయి. మొదటిసారికి ఈ రెండు రోసోల్లో (రోసో అంటే ఎరుపు) ఏదైనా చాలు. ఖరీదైన పాత సీసా కంటే చవకైన కొత్త సీసా వెయ్యి రెట్లు నయం.

జిన్ సంగతి

లండన్ డ్రై రకం తీసుకోండి. అందులో తీపి ఉండదు, జునిపర్ కాయల వాసన ముందు నిలుస్తుంది. ఆయుర్వేదంలో హపుష అంటారే, అదే జునిపర్. జిన్‌ను జిన్ చేసేది ఆ కాయే. గులాబీ రంగు వేసినవి, పండ్ల రుచులు కలిపినవి ఇక్కడ వద్దు. వెర్మూత్‌లో ఉన్న తీపికి అవి ఇంకొంచెం తీపి చేర్చి మొత్తాన్ని షర్బత్తు చేసేస్తాయి.

కొన్నేళ్లుగా గోవాలో మంచి జిన్‌లు తయారవుతున్నాయి. గ్రేటర్ దాన్ అనే జిన్ సూటిగా, తీపి లేకుండా ఉండే లండన్ డ్రై. ఈ పానీయానికి నా మొదటి ఓటు దానికే. దాన్ని చేసే సంస్థే తెచ్చిన హపుసా అనే జిన్‌లో హిమాలయాల జునిపర్ వాడతారు, మట్టి వాసన తగులుతుంది. వెర్మూత్‌తో అది చక్కగా జత కడుతుంది కానీ మొదటిసారి మామూలుదానితో కలిపి, అసలు రుచి నాలుకకు పట్టాక హపుసా వైపు వెళ్లండి. మన దేశపు సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని రాసి ఉంటుంది. ఆ బలం ఈ కలయికకు సరిగ్గా సరిపోతుంది.

జిన్‌ను ఫ్రీజర్‌లో పెట్టడం చాలామందికి అలవాటు. ఈ ఒక్క పానీయానికి అలా చేయకండి. ఎందుకో కలిపేటప్పుడు చెబుతాను.

ఐసుకు ముందు రోజే ఏర్పాటు

ఇందులో మూడో వస్తువు నీరు. ఐసు కరిగి వచ్చే నీరే. కాబట్టి ఐసుకు వాసన ఉంటే పానీయానికీ ఆ వాసన ఉంటుంది. మన ఫ్రిజ్‌లలో ఏముంటుందో మనకు తెలుసు: ఇంగువ వేసిన పులుసు, కరివేపాకు, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు, ఫ్రీజర్‌లో చేపలు. ఐసు ఆ వాసనలన్నిటినీ పీల్చుకుంటుంది. ట్రేలో వారం రోజులుగా ఉన్న ఒక ముక్కను నోట్లో వేసుకుని చూడండి, నా మాట నిజమని తెలుస్తుంది.

ముందు రోజు రాత్రి ట్రే కడిగి, తాగే నీళ్లు పోసి, మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. ముక్కలు పెద్దవిగా ఉంటే మేలు. చిన్న ముక్కలు చల్లబరచడం కంటే ముందు కరగడం మొదలుపెడతాయి.

ఓపిక ఉంటే అద్దంలాంటి ఐసు కూడా ఇంట్లో చేసుకోవచ్చు. ఫ్రీజర్‌లో పట్టేంత చిన్న థర్మోకోల్ పెట్టె తీసుకుని, దానిలో సరిగ్గా ఇమిడే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు నింపి, పై మూత లేకుండా పెట్టండి. చుట్టూ, కిందా థర్మోకోల్ ఉండడం వల్ల చలి పైనుంచి మాత్రమే దిగుతుంది. నీరు పైనుంచి కిందికి గడ్డకడుతూ తనలో ఉన్న గాలిని అడుగుకు నెడుతుంది. పెట్టె పరిమాణాన్ని బట్టి పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు గంటలు పడుతుంది. అడుగున ఇంకా కొంచెం నీరు ఉండగానే బయటకు తీసి, పది నిమిషాలు ఆగి, బ్రెడ్డు కోసే రంపపు కత్తితో గాటు పెట్టి తడితే గడ్డ నీటుగా విడిపోతుంది. చూడడానికి చాలా బాగుంటుంది. రుచికి మాత్రం ఇది తప్పనిసరి కాదు. గట్టిగా, వాసన లేకుండా ఉండే ఐసు తప్పనిసరి.

కొలత

సమానంగా కలపడం పాత పద్ధతి: జిన్ 30 మి.లీ., తీపి వెర్మూత్ 30 మి.లీ. మొదటిసారి ఇలాగే కలపండి. వెర్మూత్ రుచి పూర్తిగా తెలిసేది ఈ కొలతలోనే. తరువాత తీపి ఎక్కువైందనిపిస్తే జిన్ 40, వెర్మూత్ 20 చేసి చూడండి. నేను ఎండాకాలంలో రెండో కొలత వైపు, వానాకాలంలో మొదటిదాని వైపు మొగ్గుతాను.

పెగ్గు కొలిచే గిన్నె లేకపోతే దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూతను శుభ్రంగా కడిగి వాడండి. అంచనాతో మాత్రం పోయవద్దు. ఇంత చిన్న పానీయంలో ఒక చెంచా తేడా కూడా నాలుకకు తెలుస్తుంది.

దీనికి సోడా గానీ రసం గానీ కలవదు. సమాన కొలతలో కలిపి, ఐసు నీరు చేరాక కూడా ఇందులో ఆల్కహాలు 23 శాతం దగ్గర ఉంటుంది. తీపి వల్ల ఆ బలం నోటికి తెలియదు. అందుకే 30, 30 అన్నాను, 60, 60 అనలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. తాగాక బండి తాళాలు ఇంట్లో మరొకరికి ఇచ్చేయండి. మందులు వాడుతున్నవారు ముందు డాక్టరును అడగండి.

కలపడం

తాగే గ్లాసును పావుగంట ముందు ఫ్రీజర్‌లో పెట్టండి. కాడ ఉన్న చిన్న గ్లాసైతే మంచిది, చేతి వేడి తగలదు. కలిపే పాత్ర కోసం ఖరీదైన సామాను కొననక్కర్లేదు. పలుచటి స్టీలు చెంబును కూడా గ్లాసుతోపాటే ఫ్రీజర్‌లో పెట్టండి. మందపాటి గాజు పాత్ర ఐసులోని చల్లదనాన్ని చాలావరకు తానే తాగేస్తుంది. పలుచటి స్టీలుకు ఆ బెడద లేదు.

చెంబు తీసి ముందు జిన్ పోయండి. దాని మీద వెర్మూత్ నెమ్మదిగా పోయండి. ఒక్కసారైనా ఈ పని గాజు గ్లాసులో చేసి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. నీళ్లలో నన్నారి పాకం పోసినప్పుడు ఎలా దిగుతుందో అలా, పంచదార బరువుకు వెర్మూత్ ఎర్రని పాయలుగా కిందికి జారి అడుగున పరుచుకుంటుంది. పైన రంగులేని జిన్, కింద ఇటుక రంగు. పోసినంత మాత్రాన ఇవి కలవవని కళ్లకే తెలుస్తుంది. తిప్పడం అందుకే.

ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ఐసు ముక్కలు నాలుగైదు వేయండి. ముక్కలు ద్రవం కంటే కాస్త పైకి ఉండాలి. బయట పెట్టి తడిసిన ఐసు అయితే ఆ నీటిని విదిల్చి వేయండి.

ఇప్పుడు పొడవాటి చెంచా. దాని వీపు చెంబు గోడకు ఆనేలా పెట్టి, ముక్కలన్నీ ఒకటిగా గుండ్రంగా తిరిగేలా తిప్పండి. కవ్వంతో మజ్జిగ చిలికినట్టు కాదు, పాకం అడుగంటకుండా తిప్పినట్టు. చిలికితే గాలి బుడగలు చేరి పానీయం మసకబారుతుంది, ఐసు పొడి తేలుతుంది. ఈ పానీయం పట్టులా జారాలి. మొదట్లో ఐసు టకటకమని చెంబుకు తగులుతుంది. కాసేపటికి ఆ చప్పుడు మెత్తబడుతుంది, అంచులు కరిగి ముక్కలు నున్నబడ్డాయన్న మాట. చెంబు బయట తెల్లటి తేమ పొర కడుతుంది. ముప్పై సెకన్లు చాలు. మే నెలలో వంటగది కొలిమిలా ఉన్నప్పుడు ఇరవై సెకన్లకే ఆపి ఒక చెంచా రుచి చూడండి.

ఎంత నీరు చేరాలి? ఇక్కడే జిన్‌ను ఫ్రీజర్‌లో ఎందుకు పెట్టవద్దన్నానో చెప్పాలి. 60 మి.లీ. పానీయం వడకట్టాక 75 మి.లీ. దగ్గరికి రావాలి. ఆ 15 మి.లీ. నీరు చేరినప్పుడే జిన్ ఘాటు తగ్గి, వెర్మూత్‌లోని వాసనలు విచ్చుకుంటాయి. జిన్ ముందే గడ్డకట్టేంత చల్లగా ఉంటే ఐసు కరగదు. పానీయం చల్లగా ఉంటుంది కానీ గొంతు మండుతుంది. మీ జిన్ ఇప్పటికే ఫ్రీజర్‌లో ఉంటే రెండు చెంచాల చల్లటి నీళ్లు కలిపి తిప్పండి, సరిపోతుంది. మొదటి రెండు మూడుసార్లు వడకట్టినదాన్ని కొలిచి చూసుకుంటే, తరువాత మీ చెయ్యే చెబుతుంది.

గ్లాసు తీసి, టీ వడపోతతో వడకట్టండి. గ్లాసులో ఐసు వేయవద్దు.

తొక్క

ఇది అలంకారం అనుకుని వదిలేయకండి. సగం వాసన దీనిదే.

నారింజ తొక్క వాడాలి. మనకు దొరికే వదులు తొక్క కమలాల కంటే బత్తాయి నయం. అనంతపురం, నల్లగొండ తోటల నుంచి వచ్చే సాత్గుడి బత్తాయి వృక్షశాస్త్రం ప్రకారం తీపి నారింజే. తొక్క కాయను గట్టిగా పట్టుకుని, నూనెతో నిండి ఉంటుంది. కాయను గోరువెచ్చని నీళ్లతో రుద్ది కడిగి, తుడిచి, కూరగాయల తొక్క తీసే పీలరుతో బొటనవేలంత పట్టీ తీయండి. తెల్లటి లోపలి పొర వీలైనంత తక్కువ రావాలి, అది వట్టి చేదు.

పట్టీని గ్లాసుకు జానెడు ఎత్తులో, పైతోలు పానీయం వైపు ఉండేలా పట్టుకుని రెండు చేతుల వేళ్లతో ఒక్కసారి వంచండి. చిన్నప్పుడు బత్తాయి తొక్క పిండి ఒకరి కళ్లలోకి ఒకరు కొట్టుకున్నవారికి ఆ తుంపర సంగతి తెలుసు. దీపం వెలుగులో చూస్తే సన్నటి పొగలా దిగి, పానీయం మీద నూనె చుక్కలుగా మెరుస్తుంది. తరువాత ఆ తొక్కతో గ్లాసు అంచు ఒకసారి తుడిచి, లోపల వేయండి.

చెర్రీ వేయడం కూడా ఉంది. వేస్తే అసలైన చెర్రీ, పాకంలో నిల్వ చేసినది వేయండి. మన బేకరీ కేకుల మీద ఎర్రగా కనిపించేవి చాలావరకు రంగు వేసి పాకం పట్టిన వాక్కాయలు. కేకు మీద బాగానే ఉంటాయి కానీ ఇందులో వేస్తే రంగు దిగుతుంది, తీపి పెరుగుతుంది.

మూడో సీసా కొన్నాక

ఈ రెండింటి కలయిక చేతికి అలవాటైతే మరికొన్ని పాత పానీయాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ఇదే సమాన కొలతకు కాంపారీ అనే ఎర్రని చేదు ఇటాలియన్ మద్యం మరో 30 మి.లీ. చేర్చి, ఐసు ఉన్న గ్లాసులో నారింజ ముక్కతో ఇస్తే నెగ్రోని. మరాస్కినో లికర్ (చెర్రీలతో చేసే తీపి మద్యం) ఒక చెంచా, బిట్టర్స్ (మూలికలతో చేసే ఘాటైన చేదు ద్రవం) రెండు చుక్కలు చేరిస్తే మార్టినెజ్.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది హ్యాంకీ ప్యాంకీ. జిన్, తీపి వెర్మూత్ సమానంగా, ఫెర్నెట్ బ్రాంకా అనే కటిక చేదు ఇటాలియన్ మద్యం రెండు చుక్కలు, పైన నారింజ తొక్క. దీన్ని కనిపెట్టినది ఏడా కోల్‌మన్. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో లండన్ సవాయ్ హోటల్లోని అమెరికన్ బార్‌కు ఆమె పెద్ద. పనితో అలసిపోయి వచ్చిన నటుడు చార్లెస్ హాట్రీ కోసం కలిపింది. రెండు చుక్కలే కదా అనిపిస్తుంది. కానీ అవి పడగానే వెర్మూత్‌లో ఎక్కడో అడుగున ఉన్న చేదు పైకి లేచి నిలబడుతుంది.

పక్కన తినడానికి ఉప్పు, మిరియాలు వేసి నేతిలో వేయించిన జీడిపప్పు చాలు. కారం ఎక్కువున్న పకోడీలు, మిర్చి బజ్జీలు వెర్మూత్ వాసనను మింగేస్తాయి.

కలిపిన పానీయం పావుగంట వరకే చల్లగా ఉంటుంది. కాబట్టి జీడిపప్పు వేయించడం, మాట్లాడాల్సిన ఫోన్లు మాట్లాడడం అన్నీ ముందే ముగించుకుని కలపండి. ఇంకో పని: గ్లాసు చేతికి తీసుకోకముందే వెర్మూత్ సీసా మూత బిగించి ఫ్రిజ్ తలుపులో పెట్టేసి రండి.